ఇస్త్రీపెట్టె ఓడెక్కదు!

మయామీ నగరం నడిబొడ్డు నుంచి వంతెన దాటితే డాడ్జ్ ఐలాండ్. శని, ఆదివారాల్లో పొద్దున్నే అటు వెళ్తే వరసగా నిలబడ్డ తెల్లటి ఓడలు కనిపిస్తాయి. ఓడలా అవి! పదిహేను, ఇరవై అంతస్తుల మేడలు నీళ్లమీదికి నడిచొచ్చి ఆగినట్టుంటాయి. పైన నీళ్ల జారుడుబల్లలు, ఈతకొలనులు, ఎండకు మెరిసే బాల్కనీలు... బ్రోచర్లలో అచ్చయ్యే బొమ్మ ఇదే. ఆ బొమ్మలో పడనిది కింద ఉంటుంది. భుజాన సంచి, చేతిలో పాస్‌పోర్టు, చంకలో నిద్రపోతున్న పిల్లాడు, 'ఇంకెంతసేపు?' అన్న ప్రశ్న... అదే క్యూ!

ప్రపంచ క్రూయిజ్ రాజధాని అని మయామీ రేవుకు పేరు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ ఒక్క రేవు నుంచే 82 లక్షల మందికి పైగా ఎక్కిదిగారు. అంతమందినీ నడిపించేది ఓ విచిత్రమైన టైంటేబుల్. ఓడ తెల్లవారుజామున రేవుకొస్తుంది. వారం రోజులు తిరిగొచ్చినవాళ్లు టిఫిన్ల వేళ దాటేసరికి దిగిపోవాలి. పదిన్నర, పదకొండుకల్లా కొత్తవాళ్లు ఎక్కడం మొదలవ్వాలి. సాయంత్రం నాలుగు, అయిదింటికి ఓడ కదలాలి. 2024 జనవరిలో ఇక్కడి నుంచే తొలి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్'లో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు పడతారు. సిబ్బంది మరో 2,350 మంది. పెద్ద విమానంలో 400 మంది అనుకుంటే పంతొమ్మిది విమానాల జనం ఒకే పూట, ఒకే భవనంలోంచి, ఒకే ఓడలోకి వెళ్లాలన్నమాట. తనిఖీ సిబ్బంది ఎంత మంచివాళ్లయినా, యంత్రాలెన్ని ఉన్నా... లెక్కలోనే ఉంది తిప్పలంతా.

చాలామంది విమానాశ్రయం అలవాటుతో వస్తారు. ఇక్కడ తనిఖీ చేసేది అక్కడి టీఎస్‌ఏ వాళ్లు కాదు. అమెరికా కోస్ట్‌గార్డ్ పెట్టిన నిబంధనల ప్రకారం టెర్మినల్ తరఫున పనిచేసే భద్రతా సిబ్బంది. 100 మిల్లీలీటర్ల బెడద లేదు. షాంపూ సీసా పెద్దదైనా ఎవరూ అడగరు. మనిషి మెటల్ డిటెక్టర్లోంచి, చేతిసంచి ఎక్స్‌రేలోంచి వెళ్తాయి. తర్వాత చెకిన్, ఓ ఫొటో, చేతికి ఓ కార్డు. ఓడ ద్వారం దగ్గర ఆ కార్డు 'టింగ్' అనగానే తెరమీద మొహం కనిపిస్తుంది. లోపలికి ఎందరొచ్చారో, ఎవరు బయటే ఉన్నారో అప్పటికప్పుడు లెక్క తేలిపోతుంది. 'ఇంతేనా, విమానం కంటే నయమే!' అనుకుంటారు. అసలు కథ సాయంత్రం మొదలవుతుంది.

పెద్ద పెట్టెలు టెర్మినల్ గుమ్మం దగ్గరే పోర్టర్లు తీసేసుకుంటారు. గది నంబరు రాసిన కాగితం తగిలించి పంపిస్తే అవి విడిగా ఎక్స్‌రే చేయించుకుని, విడిగా ఓడెక్కి, రాత్రిలోగా గది ముందుకొస్తాయి. పక్క గదివాళ్ల పెట్టెలు వచ్చేశాయి. ఎదురు గదివాళ్లవీ వచ్చాయి. ఈ గది ముందు మాత్రం ఏమీ లేదు. ఫోన్ మోగుతుంది... 'దయచేసి కింది అంతస్తులో భద్రతా విభాగం దగ్గరకు రండి' అని! అక్కడ తాళాలేసిన పెట్టెల వరస, ముందు తలవంచుకున్న మనుషుల వరస. తరచూ క్రూయిజ్‌లకెళ్లే అమెరికన్లు దీనికి ముద్దుగా 'అల్లరిపిల్లల గది' అని అర్థమొచ్చే పేరే పెట్టుకున్నారు. ముద్దు వాళ్లకే. అరవై ఏళ్లు దాటాక, అదీ పరాయి దేశంలో, యూనిఫాం వేసుకున్న మనిషి ముందు పెట్టె తెరిచి 'ఇదేంటి?' అనిపించుకోవడం చాలామందికి ఆ ప్రయాణంలో మిగిలిపోయే చేదు.

మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. టెక్సస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు గాల్వెస్టన్ నుంచి, ఫ్లోరిడా వైపువాళ్లు మయామీ, పోర్ట్ కెనావరల్ నుంచి ఓడెక్కుతుంటారు. ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే చూపించాల్సిన వాటిలో క్రూయిజ్ ఒకటి. ముందురోజు రాత్రి సర్దుళ్ల దగ్గర జరిగే సంభాషణ చాలా ఇళ్లలో ఒకటే.

'అత్తయ్యా, రైస్ కుక్కర్ వద్దండీ, పట్టుకుంటారు.'

'చిన్నదేగా తల్లీ. మీ మామయ్యకి రాత్రి పూట పెరుగన్నం లేకపోతే నిద్రపట్టదు. చీరల మధ్యలో పెడతాన్లే, ఎవరు చూస్తారు?'

ఎక్స్‌రేకి చీర అడ్డం కాదు. కుక్కర్, కెటిల్, కాయిల్ హీటరు, ఇస్త్రీపెట్టె, బట్టలకు ఆవిరిపట్టే యంత్రం... వేడి పుట్టించేది ఏదైనా తెరమీద తెలిసిపోతుంది. కొవ్వొత్తులు, అగరొత్తులు కూడా నిషిద్ధమే. పొద్దున్నే దీపం పెట్టందే కాఫీ తాగని ఇల్లాలికి ఇది చెప్పి ఒప్పించడం భద్రతా సిబ్బందికంటే కోడలికే కష్టం. ఇంట్లో వండిన పదార్థాలను చాలా కంపెనీలు అనుమతించవు. దుకాణంలో కొన్న, సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా ఫర్వాలేదు.

నిప్పుతో పేచీ

ఇస్త్రీపెట్టె మీద అంత కక్ష దేనికి? సముద్రంలో మునగడం కంటే కాలిపోవడం గురించే నావికులకు భయం ఎక్కువ. ఫైరింజను రాదు. పారిపోవడానికి వీధి ఉండదు. మంటలార్పాల్సింది ఓడ సిబ్బందే.

2006 మార్చి 23 తెల్లవారుజామున 'స్టార్ ప్రిన్సెస్' అనే ఓడ జమైకాలోని మాంటెగో బే వైపు వెళ్తోంది. అందరూ నిద్రలో ఉన్నారు. ఓ బాల్కనీలో మంట లేచింది. ఎవరో ఆర్పకుండా పడేసిన సిగరెట్ పీక దానికి కారణమై ఉండొచ్చని తర్వాత దర్యాప్తులో తేల్చారు. బాల్కనీల మధ్య అడ్డుతెరలు, కుర్చీలు అన్నీ ప్లాస్టిక్ రకాలే. గాలి తోడైంది. మంట పక్కకీ, పైకీ పాకింది. పదుల కొద్దీ గదులు బొగ్గయ్యాయి. పొగకు ఊపిరాడక ఓ ప్రయాణికుడు చనిపోయాడు. ఆ తర్వాతే బాల్కనీల్లో వాడే సామగ్రికి సంబంధించి అంతర్జాతీయ నిబంధనలు మారాయి. ఓ పీక చేసిన పని అది! మర్చిపోయి ఆన్‌లో వదిలేసిన ఇస్త్రీపెట్టె ఏం చేయగలదో కంపెనీలకు వేరే చెప్పక్కర్లేదు.

అందరినీ విసిగించేది మాత్రం ఎక్స్‌టెన్షన్ బోర్డు. నలుగురున్న గదిలో రెండు ప్లగ్గులుంటే ఫోన్లు, కెమెరాలు ఎలా ఛార్జ్ చేసుకోవాలి? అందుకని ఇంట్లో టీవీ దగ్గరిది పీకి తెచ్చేస్తారు. దానిలో సర్జ్ ప్రొటెక్టర్ ఉందంటే అంతే సంగతులు. ఇంట్లో ఒక తీగలో కరెంటు ఉంటుంది, రెండోది న్యూట్రల్. చాలా ఓడల్లో రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ ఆపద వస్తే ఒక తీగనే తెంపగలదు. రెండోదాని గుండా కరెంటు పారుతూనే ఉండి బోర్డు వేడెక్కి అంటుకోవచ్చు. దీని గురించి అమెరికా కోస్ట్‌గార్డ్ ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. ఇంటికి రక్షణ ఇచ్చే వస్తువే ఓడకు ముప్పు! ఈ నాలుగు ముక్కలూ టికెట్‌తో పాటు వచ్చే పత్రాల్లో ఎక్కడా ఉండవు. 'నిషిద్ధ వస్తువులు' అని జాబితా ఒకటే ఉంటుంది. కారణం చెప్పని నిషేధం ఎవరికైనా వేధింపులాగే కనిపిస్తుంది.

నాలుగు తుపాకులు... ఒక చక్రాల కుర్చీ

ఒకప్పుడు ఇవేమీ లేవు. టికెట్ చూపిస్తే చాలు, సామానుతో సహా లోపలికి వెళ్లిపోవచ్చు. బంధుమిత్రులు కూడా ఓడెక్కి వీడ్కోలు చెప్పి దిగేవారు. ఆ రోజులకు తెరపడేలా చేసింది 1985 అక్టోబర్ 7.

ఇటలీలోని జెనోవాలో 'అకిలీ లౌరో' అనే ఓడెక్కిన ప్రయాణికుల్లో నలుగురు పాలస్తీనా సాయుధులు ఉన్నారు. దొంగ పాస్‌పోర్టులు, సామానులో తుపాకులు. తనిఖీ లేదు కాబట్టి దాచడానికి పెద్ద తెలివి అవసరం కాలేదు. ఓడ అలెగ్జాండ్రియా చేరాక చాలామంది పిరమిడ్లు చూద్దామని దిగిపోయారు. మిగిలినవాళ్లతో పోర్ట్ సయీద్ వైపు వెళ్తుండగా ఆ నలుగురూ ఓడను చేజిక్కించుకున్నారు. మర్నాడు లియాన్ క్లింగ్‌హోఫర్ అనే 69 ఏళ్ల అమెరికన్‌ను కాల్చి చంపి, ఆయన కూర్చున్న చక్రాల కుర్చీతో సహా సముద్రంలో పడేయించారు. ఆయన భార్య కూడా ఆ ఓడలోనే ఉంది.

ఆ సంఘటన తర్వాత 1988లో రోమ్‌లో ఓ అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మరింత కట్టుదిట్టమైన ఐఎస్‌పీఎస్ కోడ్ తయారై, 2004 జులై 1 నుంచి ప్రపంచమంతటా అమల్లోకి వచ్చింది. ఓడకో భద్రతాధికారి, రేవుకో భద్రతాధికారి, ఎక్కే ప్రతి మనిషికీ లెక్క... అన్నీ దానితో వచ్చినవే. క్రూయిజ్ టెర్మినళ్లన్నిటికీ ఉమ్మడిగా ఓ నిషిద్ధ వస్తువుల జాబితాను అమెరికా 2018లో తెచ్చింది.

ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. పేచీ అంతా సీసా దగ్గర!

సముద్రం మీద మందు ఖరీదెక్కువ. కంపెనీలకు బార్ ఓ పెద్ద ఆదాయం. అందుకే చాలా ఓడల్లో ఎక్కేరోజు మనిషికో వైన్ సీసా, 750 మిల్లీలీటర్లు, అంతకుమించి ఒప్పుకోరు. విస్కీ, రమ్ము లాంటివి అసలే కుదరవు. మరి మందుబాబులు ఊరుకుంటారా! మౌత్‌వాష్ సీసాలో రంగు కలిపిన వోడ్కా, సన్‌స్క్రీన్ ట్యూబులా కనిపించే ఫ్లాస్కు, సీలు చెక్కుచెదరని మంచినీళ్ల సీసాలో జిన్ను. వీటి దెబ్బకు 2015లో ఓ పెద్ద కంపెనీ సీసాల్లో నీళ్లు, కూల్‌డ్రింకులు తేవడమే ఆపించేసింది. డబ్బాలైతే సరేనంది. దొంగ దొరకడమేమో గానీ దగ్గుమందు తెచ్చుకున్న పెద్దాయన మూత తీసి వాసన చూపించాల్సి వస్తోంది.

ఒకే యంత్రం, ఒకే యూనిఫాం. వెతికేది తుపాకీనా, బార్ బిల్లునా? ప్రయాణికుడికి తేడా తెలియదు. తాగి రెయిలింగులెక్కి పడిపోయేవాళ్లున్నారు కాబట్టి ఇదీ భద్రతేనని కంపెనీలంటాయి. కొంత నిజమే. అయితే అదే మందు ఓడలో తెల్లవార్లూ అమ్ముతున్నప్పుడు ఆ మాట గొంతు దిగడం కష్టం. రక్షణ కోసం జరిగే తనిఖీకి జనం తలవంచుతారు. దానిలోనే వ్యాపారాన్ని కలిపేస్తే అసలు తనిఖీ మీదే గౌరవం పోతుంది.

నడిమధ్యలో ఆగే ఊళ్లలోనూ ఇదే తంతు. నసావులోనో, కొజుమెల్‌లోనో దిగి తిరిగొచ్చిన ప్రతిసారీ కార్డు, ఎక్స్‌రే తప్పవు. కొజుమెల్‌లో కొన్న టెకీలా సీసా గుమ్మం దగ్గరే తీసుకుని, రసీదిచ్చి, చివరి రాత్రో చివరి రోజో ఇస్తారు. గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు 'మా ఊళ్లో ఒప్పే' అంటే కుదరదు. రేవులో ఫెడరల్ చట్టానిదే రాజ్యం. ఆ పొరపాటుకు జీవితాంతం ఓడెక్కకుండా నిషేధం పడొచ్చు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పెట్టె రాత్రికి గానీ రాదు. కాబట్టి బీపీ, షుగర్ మందులు, ఇన్సులిన్, వీసా కాగితాలు, ఓ జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెబితే చేత్తో తనిఖీ చేస్తారు. నిద్రలో శ్వాస యంత్రం వాడేవాళ్లు ఎక్స్‌టెన్షన్ తీగ కోసం కంపెనీకి ముందుగా రాస్తే చాలాచోట్ల వాళ్లే ఏర్పాటు చేస్తారు. పొద్దున పదకొండుకే పరుగెత్తేబదులు తమకిచ్చిన టైముకే వెళ్తే క్యూ సగం తగ్గుతుంది. ఈ ముక్క చెప్పినా వినేవాళ్లు తక్కువ.

విశాఖకూ వచ్చిందీ ముచ్చట

ఓ తమాషా ఏమిటంటే, మయామీ నుంచి బహామాస్‌కు తిరగడానికి 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో కట్టిన ఓడే చేతులు, పేర్లు మారి 2022 జూన్‌లో విశాఖపట్నం వచ్చింది. చెన్నైకి మనవాళ్లను తీసుకెళ్లింది. మర్నాటి ఏడాది, 2023 సెప్టెంబర్‌లో, విశాఖ రేవులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా మొదలైంది. రేవు కాపలా సీఐఎస్‌ఎఫ్‌ది. అప్పట్లో విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ ఓడెక్కినవాళ్లకు పులిహోర మూటలు, పచ్చడి జాడీలు గుర్తుంటాయి. ఇప్పటి విలాస నౌకలో పచ్చడి జాడీ సంగతి కంపెనీ నిబంధనల్లో ముందే చూసుకోవాలి.

ప్రయాణం చివరి పొద్దున ఓడ దిగేచోట ఓ పొడవాటి బల్ల వేస్తారు. దానిమీద వరసగా ఇస్త్రీపెట్టెలు, కెటిళ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, చీటీ కట్టిన ఓ చిన్న రైస్ కుక్కర్. మొదటిరోజు ఇచ్చిన రసీదు చూపిస్తే ఎవరిది వాళ్లకిచ్చేస్తారు. టాక్సీ దొరకదేమోనన్న హడావుడిలో చాలామంది అటు చూడకుండానే వెళ్లిపోతారు.