పాలడిన్ పాత్రధారణము

బల్లచుట్టును గూర్చుండి, పాచికలు వైచుచు, మాటలతోనే ఒక కల్పనాలోకమును సృష్టించుకొను రోల్‌ప్లేయింగ్ ఆటలయందు, ఏ పాత్రకును లేని అపకీర్తి యొకటి పాలడిన్ అను ధర్మయోధునికి చిరకాలముగా అంటుకొనియున్నది. ఒకడు ఆ పాత్రను గైకొంటినని చెప్పినతోడనే తక్కినవారి ముఖములు చిన్నబోవును. ఇక దొంగపాత్రధారికి తాళము తీయ వీలుండదనియు, మాంత్రికునకు చిన్న బొంకైన పలుక వీలుండదనియు, అడుగడుగున ధర్మోపన్యాసము వినవలసివచ్చుననియు వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. అయినను దోషము పాత్రయందు లేదు. దానిని ధరించు విధమునందే యున్నదని నా దృఢవిశ్వాసము.

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో వెలువరించిన ఇట్టి ఆటయగు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదట పాలడిన్ లేడు. మరుసటి యేట వచ్చిన గ్రేహాక్ అను అనుబంధగ్రంథముతో ప్రవేశించెను. ఫ్రెంచి వీరగాథలు కీర్తించిన షార్లమేన్ చక్రవర్తి యోధులును, పోల్ ఆండర్సన్ రచించిన ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’ నవలానాయకుడును వానికి పూర్వులు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారము ఆతడు చేయి తాకించి గాయములు మాన్పగలడు, రోగములు వానినంటవు, దుష్టత్వమును దూరమునుండియే పసిగట్టగలడు. ఇన్ని వరములు పొందినవాడు పదికి మించిన మాంత్రికవస్తువులను ఉంచుకొనరాదు. ఆర్జనలో పదవవంతు దానమీయవలెను. తెలిసి దుష్కార్యమొనర్చెనేని ఆ వరములన్నియు శాశ్వతముగా నశించును. సజ్జనులతోనే సాంగత్యము చేయవలెనను నిబంధనయు నుండిన మాట నిజమే గాని, తక్కినవన్నియు వాని చేతినే కట్టివేయునవి. సహచరుల చేతులకు సంకెలలు వేయుమని ఆజ్ఞాపించునది యొక్కటియు లేదు.

పాలడిన్‌ను చక్కగా ఆడుటలోని రహస్యమంతయు నాకిక్కడనే కనుపట్టుచున్నది. యుద్ధానంతరమున గాబ్లిన్ అను చిన్న రాక్షసి యొకటి ఆయుధము పారవైచి శరణుజొచ్చినదనుకొందము. విడిచినచో శత్రువులకు జాడ తెలుపును గనుక చంపుటయే మేలని సహచరులందురు. వ్రతము తెలియని ఆటగాడు ‘నేను ఒప్పను’ అని భీష్మించుకొని, ఆటనంతయు వాగ్వాదముతో నింపివేయును. తెలిసినవాడు, దానికి అభయమిచ్చితిని గనుక రాత్రి కావలి తానే కాతుననియు, దాని తిండి తన వంతునుండియే పెట్టుదుననియు, అది ద్రోహము తలపెట్టినచో వచ్చు మొదటి బాణమునకు తన రొమ్మే యొడ్డుదుననియు చెప్పును. అప్పుడు సహచరులకు ఆతనిపై విసుగు పోయి, ఆ గాబ్లిన్ ఏమి చేయునోయను ఉత్కంఠ కలుగును. కథ ముందునకు సాగును. తన నియమమునకగు వెలను తానే చెల్లించువానిని ఎవరును తప్పుపట్టరు.

ఈ పాత్రకు పొంచియున్న అసలు శత్రువు అహంకారము. షార్లమేన్ యోధులలో ఒకడై, రోన్సెస్వాల్ కనుమలో వెనుకదండుతో నిలిచిన రోలాండ్, కొమ్ము ఊది చక్రవర్తిని పిలువుమని మిత్రుడైన ఆలివర్ పలుమారు చెప్పినను, కీర్తికి కళంకమని నిరాకరించినట్లు గాథ చెప్పుచున్నది. ఆతడు కొమ్మెత్తునప్పటికి దండు నశించియున్నది. ధైర్యమున ఆతనికి సాటి లేదు; కాని ఆ ధైర్యమునకు ప్రాణములిచ్చినవారు ఆతనివెంట వచ్చినవారు. పాలడిన్ పాత్రధారి ఈ ఘట్టమును మరువరాదు. ఆలివర్ వంటి సహచరుడు బల్లవద్ద నున్నచో వాని మాట వినుటయు, అవసరమైనచో దొంగపాత్రను క్షమాపణ వేడుటయు వ్రతభంగములు కావు.

ఆటను నడుపు డంజన్ మాస్టర్‌కును ఇందు బాధ్యత కలదు. ఎటు తిరిగినను పాపమే కలుగు సంకటమును పన్ని, పాలడిన్ పతనమును చూచి సంతోషించుట ఆతిథ్యధర్మము కాదు. 2014 నాటి ఐదవ కూర్పులో భక్తి, ప్రాచీనత, ప్రతీకారము మున్నగువానికి సంబంధించిన ప్రతిజ్ఞలలో ఒకదానిని ఆటగాడే ఎన్నుకొనును. ధర్మపక్షమునకే చెందియుండవలెనను పాతనిర్బంధము అందు లేదు. ఈ మార్పు నాకిష్టమే. అయితే ప్రతిజ్ఞ పేరు ఎన్నుకొన్నంతమాత్రమున చాలదు. ఏ పని వ్రతభంగమగును, ఏది కాదు, భంగమైనచో ప్రాయశ్చిత్తమెట్టిదను విషయములను ఆట ఆరంభమునకు పూర్వమే ఆటగాడును డంజన్ మాస్టరును కూర్చుండి మాటలాడుకొనవలెను. ఆ సంభాషణమున తన వీరుడు ఎన్నడైన తప్పటడుగు వేయవచ్చునని యొప్పుకొనలేనివానికి పాలడిన్ తగడు. వానికి సామాన్యయోధుని పాత్రయే మేలు, ఏలయన అందు ఖడ్గమును కవచమును ఉండును గాని వ్రతభారముండదు.