ఓస్లో ఊరేగింపులో మన పిల్ల

మన సంఘం ఇప్పుడు ఊళ్లో కంటే బోడుప్పల్‌లోనే ఎక్కువ ఉందని నేను నవ్వుతూ అంటుంటాను. పిల్లల చదువులకని, పనులకని వెళ్లినవాళ్లు ఉప్పల్ దాటాక వరంగల్ రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు కట్టుకున్నారు. నెలకొకసారి బస్సెక్కి పోయి వాళ్ల ఇళ్లలో ప్రార్థన చేసి వస్తాను. ఆ ఇళ్లలో చాలావాటిలో ఇప్పుడు పెద్దవాళ్లే మిగిలారు. ఏ పిల్లల కోసం ఊరు విడిచారో ఆ పిల్లలు సముద్రాలు దాటిపోయారు.

వారిలో ఒక తల్లి కొడుకు నార్వే దేశంలోని ఓస్లోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి రెండేళ్లు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకే మాట: జీతం బాగుంది, ఇల్లు బాగుంది, మాట్లాడే మనిషి లేడు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు. మెట్ల మీద ఎదురైతే చిన్నగా నవ్వుతారు, అంతే. చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటగానే చీకటి. కోడలైతే తిరిగి వచ్చేద్దామని పట్టుబట్టింది. అప్పుడు పాపను బడిలో వేశారు.

నార్వే వాళ్లకు మే 17 జాతీయ దినం. 1814లో ఆ రోజున ఐడ్స్వోల్ అనే ఊళ్లో వాళ్ల రాజ్యాంగం మీద సంతకాలయ్యాయి. మన గణతంత్ర దినాన ఢిల్లీలో ట్యాంకులు, సైనికులు కనిపిస్తారు కదా. అక్కడ బడిపిల్లలు నడుస్తారు. బ్యోర్న్‌సన్ అనే కవి పూనికతో 1870లో రాజధానిలో ఈ ఊరేగింపు మొదలైంది. మొదట మగపిల్లలే నడిచేవారు, 1889 నుంచి ఆడపిల్లలూ చేరారు. ఇప్పుడు ఓస్లోలో వందకు పైగా బడులు, ఒక్కొక్కటి తన జెండాను ముందు పట్టుకుని, బ్యాండు మేళాలతో కార్ల్ యూహాన్ వీధి వెంట రాజభవనం ముందుకు నడుస్తాయి. రాజకుటుంబం బాల్కనీలో నిలబడి చేతులూపుతుంది.

మొదటి ఏడు మనవాళ్లు పక్కన నిలబడి చూసి వచ్చేశారు. రెండో ఏడు పాప తరగతికి పని వంతు వచ్చింది. ఊరేగింపు అయ్యాక బడి ఆవరణలో పిల్లలకు ఆటలుంటాయి. మనకు నిమ్మకాయ చెంచా పరుగు, వాళ్లకు చెంచాలో ఆలుగడ్డ. గోనెసంచి పరుగు మాత్రం అచ్చం మనదే. ఆటలు ఆడించడం, తినేవి అమ్మడం అన్నీ తల్లిదండ్రుల పని. ఎవరికీ కూలి ఉండదు. దీన్ని దుగ్నాద్ అంటారు. నాట్ల రోజుల్లో మనం ఒకరి పొలంలో ఒకరం చేసుకున్నట్టే. ఆ జాబితాలో ఒక ఇంటి పేరు వచ్చిందంటే వాళ్లు డాక్టరా, కొత్తగా వచ్చినవాళ్లా అని ఎవరూ చూడరు. బల్లలు మోయాలి, అంతే. మన అబ్బాయికి బల్లలు వచ్చాయి. కోడలికి, ఏదైనా ఒక తినేది చేసి తీసుకురావాలని వచ్చింది.

కేకు చేయడం ఆమెకు రాదు. బోడుప్పల్‌కు వీడియో కాల్ చేసింది. అత్తగారు ఇక్కడ పీట మీద పిండి తిప్పుతుంటే అక్కడ ఆమె చూసి తిప్పింది. సకినాలు! మొదటివి విరిగిపోయాయట. మరునాడు బల్ల మీద పెట్టి, బియ్యప్పిండి, నువ్వులు, వాము అని చీటీ రాసింది. గోధుమ పడని పిల్లవాడొకడు అన్ని కేకులూ వదిలేసి ఆ చీటీ చదివి సకినాల దగ్గరే నిలబడిపోయాడు. వాళ్లమ్మ వచ్చి ఎలా చేశారని అడిగింది. అక్కడికి వెళ్లాక కోడలిని ఒకరు ఇంత సేపు కదిలించి మాట్లాడడం అదే మొదలట.

ఇదంతా విని ఆ దేశం పరలోకమనుకోకండి. 1814 నాటి ఆ రాజ్యాంగమే యూదులు తమ దేశంలో అడుగు పెట్టకూడదని రాసుకుంది. మే 17ను ప్రజల పండుగ చేసిన హెన్రిక్ వెర్గెలాండ్ అనే కవి ఆ మాట కొట్టేయించాలని పోరాడి, అది చూడకుండానే 1845లో చనిపోయాడు. 1851లో కొట్టేశారు. ఈనాటికీ మే 17 ఉదయం యూదులు ఆయన సమాధి మీద పూలు ఉంచుతారు. ఇక 1983లో ఓస్లోలోని సాగెనె బడికి బాంబు బెదిరింపు వచ్చింది. అందులో వలస వచ్చినవారి పిల్లలు ఎక్కువని, వాళ్లు ఊరేగింపులో నడవకూడదని. ఆ బడి అయినా నడిచింది. ఆ రోజు పిల్లల్ని పంపిన తల్లుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నా పిల్ల అయితే పంపేవాడినా? తెలియదు.

రూతు గ్రంథంలో చివరి అధ్యాయం మనం పెళ్లి దగ్గరే ఆపేస్తుంటాం. ఆ తరువాత ఒక చిన్న సంగతి ఉంది. మోయాబు నుంచి వచ్చిన పరాయి పిల్లకు కొడుకు పుడితే, వాడికి పేరు పెట్టింది ఇరుగుపొరుగు స్త్రీలు. ఇంటివాళ్లు కాదు, ఊరి ఆడవాళ్లు. బేత్లెహేము రూతును కలుపుకున్నది అక్కడేనని నాకనిపిస్తుంది. అయితే నయోమి ఆ బిడ్డను ఒడిలో పెట్టుకుంది. మన తల్లికి ఆ భాగ్యం ఫోన్ అద్దం మీదే.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆమె అన్న మాట ఇది: "పిల్ల ఇప్పుడు మా దేశం, మా రాజు అంటాంది అయ్యగారూ. మంచిదే. కొడుకు ఇగ రాడని గప్పుడే సమజైంది." ఓదార్చడానికి నా దగ్గర మాట దొరకలేదు, కాసేపు కూర్చున్నాను. ఆమే లేచి చాయ్ పెట్టింది.

బయలుదేరేటప్పుడు గోడ మీది క్యాలెండర్ చూపించింది. మే నెల గృహ ప్రార్థన 17నే పడింది. అక్కడ ఊరేగింపు ఉదయం పదికి, మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. "ఆ టైముల పెట్టకండి" అంది. సాయంత్రం ఆరుకు మార్చాను. బోడుప్పల్ వాళ్లు గమనించగలరు. తినడానికి సకినాలు ఉంటాయట.