మార్కాపురం పలక - గిద్దలూరు దావ

మార్కాపురం అనగానే మీకేం గుర్తొస్తుంది? పలక! మీరు అ ఆలు దిద్దిన పలక రేకుదో ప్లాస్టిక్కుదో అయివుంటే ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. వాళ్ళ చంకనెక్కి బడికి పోయింది మార్కాపురం రాయే! కిందపడితే పలక పగిలేది. పలక పగిలితే వీపు పగిలేది.

ఆ పలక కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నానంటే అబద్ధమాడినట్టే. అసలు సంగతి గిద్దలూరులో ఉంది. డిగ్రీలో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడిది ఆ ఊరు. వాళ్ళ పాపకు అక్షరాభ్యాసం. ఫోన్లో రెండే ముక్కలన్నాడు. "ఆదివారం పొద్దున్నే. వీలైతే రా." ఆ "వీలైతే" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో తరవాత చెప్తాను.

శనివారం తెల్లవారకముందే గుంటూరులో మోటార్ సైకిలెక్కాం. బండీ, బండి నడిపేవాడూ మా క్లాసే. గిద్దలూరు రెండు వందల కిలోమీటర్ల పైమాటే గదా, బస్సులో పోదాంరా అంటే వింటేనా? "హీరోలు బస్సెక్కరురా!" అన్నాడు. నరసరావుపేట చేరేసరికి హీరోగారికి నడుం పట్టేసింది! వినుకొండలో టీ తాగి, గుర్రం జాషువా పుట్టిన ఊరుగదా అని ఒక దణ్ణం పెట్టుకుని ముందుకు కదిలాం. త్రిపురాంతకంలో చెరువు మధ్య బాలాత్రిపురసుందరి గుడిని రోడ్డు మీది నుంచే తలుచుకున్నాం. (అమ్మవారు క్షమించుగాక. ఎండ ఎక్కుతోంది.)

అక్కణ్ణుంచి నేల రంగే మారిపోతుంది. సాగర్ కుడి కాలువ నీళ్ళు తాగే పచ్చటి పొలాలు వెనకబడి కంది, మిరప, రాళ్ళ గుట్టలు, పడమట నీలంగా నల్లమల. మాట కూడా మారిపోతుంది. దారి "దావ" అవుతుంది, ఎక్కడ "యాడ" అవుతుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు ఇటు వచ్చి కలిశాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఊళ్ళు జిల్లా మారాయిగానీ నాలుక మారలేదు!

మార్కాపురంలో చెన్నకేశవస్వామి గాలిగోపురం చూసి, పలకల వేటలో పడ్డాం. రాళ్ళు పేర్చి ఉన్న ఒక కొట్టు ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"రాతి పలక కావాల పెద్దాయనా, చెక్క చట్రం వేసింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పలకలు ఎవురడుగుతుండారు నాయనా ఇప్పుడు? గోడలకు అతికించే రాళ్ళడగతారు. పెద్ద పెద్ద మేడలకు పోతది, ఓడలెక్కి పై దేశాలకు పోతది."

నిజమే. రాయి అదే, పోయే ఇల్లు మారింది. ఇక్కడి రాతికొక గుణముంది. ఉలి ఆనించి సుత్తితో సున్నితంగా తడితే పుస్తకంలో పేజీలు విడినట్టు పొరలు పొరలుగా విడిపోతుంది. అదే ఈ ఊరికి అన్నం పెట్టింది. అన్నంతోపాటు దుమ్ము కూడా పెట్టింది. రాయి కోసేచోట లేచే పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మళ్ళీ బయటికి రాదు. పెద్దాయన మాట్లాడుతూ మధ్యమధ్య దగ్గుతున్నాడు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. లోపలికెళ్ళి, గోనెసంచి కింద వెతికి వెతికి ఒకటి తెచ్చాడు. నల్లగా, చల్లగా, జానెడు పలక. "ఎవురికి?" అన్నాడు. "స్నేహితుడి కూతురికి" అన్నాను. డబ్బు తీసుకుని, చిన్న బలపం ముక్క ఊరికే పెట్టాడు.

మా వాడు బండి నడుపుతుంటే పలకను పసిబిడ్డలా ఒళ్ళో పట్టుకు కూర్చున్నాను. గుంట వచ్చిన ప్రతిసారీ నా ప్రాణం పైకెగిరిపడింది.

కంభం చెరువు దగ్గర దిగాం. చెరువంటే మీ ఊళ్ళో గేదెలు తోమే చెరువనుకునేరు! రెండు కొండల మధ్య సందులో కట్ట వేసి గుండ్లకమ్మను ఆపిన చెరువిది. కట్ట ఎత్తు 57 అడుగులని ఇంపీరియల్ గెజిటీరులో ఉంది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చింది. మనకు రాయలవారంటే మహామంత్రి తిమ్మరుసు (1962)లో రామారావు, ఆదిత్య 369 (1991)లో బాలకృష్ణ! కిరీటం, మీసం, ఆస్థానం... అంతా బాగానే చూశాంగానీ రాణిగారు మట్టి తట్టలు మోయించిన సీను మాత్రం ఎవరూ తీసినట్టు లేదు. తీస్తే నేను మొదటాటకే పోతాను.

ఆ కట్ట మీదే, గాలి మొహానికి కొడుతుంటే, మా వాడు అడిగేశాడు. "వాళ్ళ నాయన పోయినప్పుడు ఎందుకు రాలేదురా నువ్వు?"

అదీ సంగతి. మా గిద్దలూరు మిత్రుడి నాన్నగారు సినిమా హాల్లో ఆపరేటరు. డిగ్రీ సెలవుల్లో వాళ్ళింటికి పోతే నా మకాం ప్రొజెక్టరు గదిలోనే. ఇప్పుడు మీరు చూసే సినిమా కంప్యూటరులోంచి వస్తుంది. అప్పుడు డబ్బాల్లో వచ్చేది. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాల బొమ్మ. రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒకదాంట్లో రీలు అయిపోవస్తుండగా తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క పడుతుంది. అది చూసి రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యాలి. రెండో చుక్క పడగానే బొమ్మను ఇందులోంచి అందులోకి మార్చాలి. హాల్లో ఎవరికీ తెలియకూడదు. "చుక్క మీద కన్నుంచబ్బాయ్! రెప్ప వేశావో, తెల్ల తెర పడతది, జనం కుర్చీలిరగ్గొడతారు" అనేవాడాయన. ఒకసారి నా చేతనే మార్పించాడు. ఎవరూ ఈల వెయ్యలేదు! సినిమాల మీద నాలుగు ముక్కలు రాసి బతుకుతున్నానంటే ఆ గదిలో పడ్డ బీజమే.

ఆయన పోయిన రోజు నేను హైదరాబాదులో ఒక సినిమా ఫంక్షను గురించి రాస్తున్నాను. రాసిచ్చి పోదాం అనుకున్నాను. రేపు అనుకున్నాను. దినం నాటికి అనుకున్నాను. మూడేళ్ళయింది. మా వాడికి ఇదంతా చెప్పలేదు. "పని పడిందిరా" అన్నాను. వాడు చెరువులోకి ఒక రాయి విసిరి బండి తీశాడు.

గిద్దలూరు చేరేసరికి దీపాలు పెట్టారు. గుమ్మంలో మా వాడి అమ్మ. "ఏం నాయనా, ఇన్నాళ్ళకు దావ తెలిసిందా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిత్రుడు మా ఇద్దరి సంచులూ అందుకున్నాడు. "నీళ్ళు చూసి పోసుకోండ్రా, బోరు అడుగంటింది" అన్నాడు. అంతే.

మిద్దె మీద చాపలేసి కూర్చున్నాం. పొద్దున పూజుంది కాబట్టి కోడి లేదని ముందే హెచ్చరిక. సద్దరొట్టె, వంకాయ కూర. హీరోగారు ఎన్ని రొట్టెలు తిన్నారో రాయను, పరువు సమస్య! కబుర్లు వెలిగొండ మీదికి పోయాయి. 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. శ్రీశైలం నీళ్ళు నల్లమల కిందుగా 18 కిలోమీటర్ల పైచిలుకు సొరంగాల్లోంచి ఈ మెట్టకు రావాలి. "మా నాయన బతికినన్నాళ్ళూ ఎదురుచూసినాడు" అన్నాడు మిత్రుడు. ఆ మాటతో అందరమూ ఆగిపోయాం.

అప్పుడు వాళ్ళమ్మ నెమ్మదిగా అంది. "ఆఖర్న నిన్నొకసారి అడిగినాడు నాయనా. ఆ రాసే పిల్లోడు రాలేదా అని."

నేనేం మాట్లాడలేకపోయాను. "తప్పయిపోయిందమ్మా" అన్నానో, అనుకున్నానో కూడా తెలీదు. మిత్రుడు లేచి కిందికెళ్ళాడు. కోపం వచ్చిందనుకున్నాను. ఒక రేకు డబ్బాతో తిరిగొచ్చాడు. లోపల తెగిపోయిన రీలు ముక్కలు, గుప్పెడు. దీపానికి అడ్డంగా ఒకటి పట్టుకుని, "చూడు, ఏ సినిమానో చెప్పు" అన్నాడు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. ఎవరో హీరోయిన్ చెయ్యెత్తింది. ముక్క ముక్కకీ ఆ చెయ్యి వెంట్రుకవాసి కదిలింది. మా హీరోగారు ఒక పేరన్నాడు, నేనొకటన్నాను, పోట్లాట మొదలైంది.

ఈలోగా కింద గలాటా. పాప సంచిలోంచి పలక లాగేసింది. బలపంతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసిపారేసింది!

"ముహూర్తం రేపు గదే తల్లీ!" అంటూ నాయనమ్మ తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తింది. పాప పలక ఇవ్వనంటే ఇవ్వనంది.

"పోనీలే అమ్మా, గీసుకోనీ" అన్నాడు మా వాడు మెట్ల మీంచి. నా వైపు తిరిగాడు. "ఏరా, రేపు పూజయినాక నల్లమల ఘాటెక్కుదామా? సోమవారం పనుందనకు."

"లేదు" అన్నాను.