మేజోడులో కత్తి... మొలలో కత్తి!

సిరిసిల్ల పేరు చెబితే ఎవరికైనా మరమగ్గాల చప్పుడే గుర్తొస్తుంది. అదే జిల్లాలో ఎల్లారెడ్డిపేట దాటి లోపలికి వెళితే ఆ చప్పుడు వెనకబడిపోతుంది. గుట్టలు, వాటి నడుమ పొలాలు, తాటిచెట్లు, అక్కడక్కడా లంబాడీ తండాలు... అదే వీర్నపల్లి. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన ఊరు. ఇలాంటి ఊళ్లో కత్తి లేకుండా పొద్దు గడవదు. వరికి కొడవలి కావాలి. కంప కొట్టడానికి గొడ్డలి కావాలి. తాడెక్కే గౌడన్నకు గీత కత్తి కావాలి.

వీటిలో గీత కత్తి దారే వేరు. కొడవలి చూరులో ఉంటుంది, గొడ్డలి గోడకు ఆనుకుని ఉంటుంది. గీత కత్తి మాత్రం మనిషి మొలలోనే ఉంటుంది. మోకు, ముస్తాదు, కత్తి... ఈ మూడూ ఉంటేనే గౌడన్న గౌడన్నలా కనిపిస్తాడు. అంటే అది పనిముట్టే కాదు, వేషంలో భాగం కూడా!

ఇలా ఒంటిమీద పెట్టుకునే కత్తి ఒకటి ఎక్కడో స్కాట్లాండ్‌లో ఉంది. పేరు ‘స్కీయన్ దూ’. వాళ్ల గేలిక్ భాషలో నల్ల కత్తి అని అర్థం. పిడి నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరని కొందరు, దాచుకునే కత్తి కాబట్టి అని ఇంకొందరు చెబుతారు. గళ్ల కిల్ట్ కట్టుకున్న స్కాట్లాండ్ మగవారు మోకాలి కింద మేజోడులో దీన్ని దోపుకుంటారు. పిడి మాత్రమే పైకి కనిపిస్తుంది. చిత్రకారుడు రేబర్న్ 1812లో వేసిన గ్లెన్‌గారీ దొర చిత్రంలో ఈ పిడి మేజోడు అంచున కనిపిస్తుంది. 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు కిల్ట్ వేషానికి రాచమర్యాద దక్కింది. ఆ వేషంతో పాటే ఈ బుల్లి కత్తికీ పేరొచ్చింది.

మెరుపుకు మోసపోవద్దు

చదువుకో ఉద్యోగానికో గ్లాస్గో, ఎడిన్‌బరో వెళ్లిన మన పిల్లలు పట్టా పుచ్చుకునే రోజున సరదాగా కిల్ట్ కట్టుకుని ఫొటో దిగాలనుకోవచ్చు. గుర్తుగా ఓ కత్తి కొనుక్కోవాలనీ అనిపించవచ్చు. అప్పుడు ఏం చూడాలి?

ముందు పిడి. చవక రకాల్లో అది అచ్చులో పోసిన ప్లాస్టిక్. రెండు సగాలు కలిసిన గీత పక్కన సన్నగా కనిపిస్తుంది. అల్లిక నగిషీ ఏ కత్తి చూసినా ఒకేలా ఉంటుంది. మంచి రకంలో పిడిని నల్లచేవ కర్రతో చేస్తారు. చేత్తో చెక్కిన అల్లిక కాబట్టి అక్కడక్కడా చిన్న తేడా ఉంటుంది. ఆ తేడానే దాని విలువ!

తర్వాత వెండి. తళతళలాడేదంతా వెండి కాదు, క్రోమియం పూత కావచ్చు. అసలు వెండికి ముద్ర ఉంటుంది. ఎడిన్‌బరోలో పరీక్షించిన వెండి మీద కోట గుర్తు వేస్తారు. పిడి కొసన పొదిగే పొగరంగు రాయిని కెయిర్న్‌గార్మ్ అంటారు. చాలా వాటిలో దాని స్థానంలో రంగు గాజే ఉంటుంది.

ఇక అలుగు. దీని పొడవు మూడు నాలుగు అంగుళాలే. పిడి లోపల అలుగు తోక ఎంత దూరం వెళ్లిందో అడగాలి. కొస దాకా వెళ్లి బిగిస్తే కత్తి, జిగురుతో అతికిస్తే బొమ్మ. ఒరలో పెట్టి తలకిందులు చేసినప్పుడు జారి పడకూడదు. లాగితే పంతం పట్టకూడదు.

ఒక జాగ్రత్త. బ్రిటన్‌లో కారణం లేకుండా కత్తితో వీధిలో తిరగడం నేరం. జాతీయ వేషధారణలో భాగమైతే చట్టం మినహాయింపు ఇస్తుంది. విమానంలో మాత్రం చేతి సంచీలో పెట్టుకోనివ్వరు.

వీర్నపల్లి పరీక్ష వేరు

స్కాట్లాండ్ కత్తి బాగోలేకపోతే పోయేది డబ్బు, కాస్త పరువు. గీత కత్తి బాగోలేకపోతే పోయేది ఆ పూట కల్లు. గెలను రోజూ పల్చగా, పొర తీసినట్టు కోయాలి. మొద్దు కత్తి కోయదు, నలుపుతుంది. నలిగిన గెల సరిగా కారదు. పైగా అంతెత్తున మోకు మీద ఆనుకుని పనిచేసే మనిషి కత్తికి బలం పెట్టాల్సి వస్తే ప్రాణం మీదికే రావచ్చు. అందుకే ఇక్కడ కత్తి ఎంపిక ముచ్చట కాదు, బతుకు లెక్క.

గీత కత్తికైనా, ఇంటి కత్తికైనా చూడాల్సినవి నాలుగే. అంచు గట్టిగా ఉండాలి. ఆకురాయి పెట్టి రుద్దితే జారిపోవాలి, కరుచుకుందంటే ఉక్కు మెత్తన. వీపు మాత్రం కాస్త మెత్తగా ఉండాలి. కత్తి మొత్తం గట్టిదైతే గాజులా విరుగుతుంది. పిడి మొదట్లో పొన్ను బిగువుగా ఉండాలి, కొట్టి చూస్తే గలగలలాడకూడదు. చివరిగా, చేతిలోకి తీసుకుంటే బరువు మణికట్టును లాగకూడదు.

ఈ గుణాలన్నీ కొలిమి దగ్గర కొన్ని క్షణాల్లో తేలిపోతాయి. ఎర్రగా కాలిన అలుగును నీళ్లలో ముంచుతారు. తర్వాత మళ్లీ సన్నని కాక చూపిస్తారు. అప్పుడు ఉక్కు మీద రంగులు పాకుతాయి. ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే అంచు నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే మెత్తబడుతుంది. గడియారం లేదు, కొలత లేదు. కమ్మరి కన్నే కొలత!

లోకం మెచ్చిన ఉక్కు

ఈ కన్ను ఈ నేలకు కొత్త కాదు. వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్ల చేరి, మెట్‌పల్లి దాటితే కమ్మర్‌పల్లి వస్తుంది. దానికి దగ్గర్లోనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. ఒకప్పుడు ఇక్కడి మూసల్లో కరిగిన ఉక్కు పారశీక దేశం దాకా వెళ్లింది. 1820ల్లో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఇక్కడికి వచ్చి ఉక్కు తయారీ చూశాడు. మట్టి మూసలో ఇనుము నింపి, మూసి, గంటల తరబడి కాల్చేవారు. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద. దాన్ని కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడిని కూడా వాయిసీ ఇక్కడ చూశాడు. ఆయన రాసింది 1832లో అచ్చయింది.

స్కాట్లాండ్ ఈ కథలోకి మళ్లీ వస్తుంది. బొంబాయిలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు హెలెనస్ స్కాట్ 1794లో మన దేశపు మూస ఉక్కును లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. ‘ఊట్జ్’ అని ఇంగ్లిష్‌వారు రాసుకున్న ఆ పేరు మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితుల మాట. స్కాట్లాండ్‌కే చెందిన లోహ శాస్త్రవేత్త డేవిడ్ ముషెట్ దాన్ని పరీక్షించాడు. లండన్ కత్తుల వ్యాపారి స్టోడార్ట్ అయితే దాన్ని మెచ్చుకుని, మైకేల్ ఫారడేతో కలిసి 1820లో ఉక్కు మిశ్రమాల మీద పరిశోధన పత్రమే ప్రచురించాడు.

అంత గొప్ప ఉక్కు కూడా అందరి చేతిలో లొంగలేదు. యూరప్ కమ్మరులు తమకు అలవాటైన పెద్ద వేడి చూపి సమ్మెట వేస్తే అది పొడిపొడిగా రాలింది. దానికి తక్కువ వేడి, ఎక్కువ ఓర్పు కావాలి. ఉక్కు ఓడెక్కింది కానీ, ఆ చెయ్యి ఓడెక్కలేదు మరి!

19వ శతాబ్దంలో కార్ఖానాల ఉక్కు వెల్లువలా వచ్చింది. మూసలు చల్లారిపోయాయి. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఆ ఆనవాళ్లు వెతికాయి. ఈ నేల ఉక్కు మీద ఏళ్ల తరబడి పరిశోధించిన ఎస్.జైకిషన్ అందులో పాలుపంచుకున్నారు. వారికి చిట్టెపు దిబ్బలు, మూస పెంకులు చాలాచోట్ల కనిపించాయి.

అడగాల్సింది కమ్మరినే

ఇప్పుడు పల్లె కొలిమిలో కాలేది ఎక్కువగా పాత లారీ కమాను పట్టీ. తక్కువదేం కాదు, మంచి ఉక్కే. కానీ దాన్ని కాల్చే కొలుములే ఊరూరా తగ్గిపోతున్నాయి. వరి కోత మిషన్ వచ్చాక కొడవళ్ల పని పడిపోయింది. ట్రాక్టర్ వచ్చాక నాగటి కర్రు లేదు. కల్లం దగ్గర కమ్మరికి వడ్లు కొలిచే రోజులూ పోయాయి. అంగడిలో తళతళలాడే స్టీలు కత్తి చవగ్గా దొరుకుతుంటే కొలిమి దగ్గర ఎవరు నిలబడతారు?

గీత కార్మికుడు నిలబడతాడు. అతనికి అంగడి కత్తి పనికిరాదు. తన చేతి కొలతకు, తన చెట్ల తీరుకు తగ్గట్టు సాగగొట్టించుకోవాలి. అరిగితే మళ్లీ అక్కడికే తేవాలి. ఇంట్లోకి కూరగాయల కత్తి కొనేవారు కూడా ఒక్కసారి ఆ దారి పట్టొచ్చు. నాలుగు రూపాయలు ఎక్కువైనా అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. అరిగినప్పుడు పారేయక్కర్లేదు, పదును పెట్టించుకోవచ్చు.

స్కాట్లాండ్ వెండి పిడికి ముద్ర ఉంది. వీర్నపల్లి కత్తికి ఏ ముద్రా ఉండదు. చేసిన మనిషి ఊళ్లో ఉండటమే దాని ముద్ర. ఆ మనిషి కొలిమి ఆర్పేస్తే మంచి కత్తేదో ఎంచుకోవడం తెలిసినా, ఎంచుకోవడానికి కత్తి ఉండదు!