నాందీ పట్టణము

చదువు చెప్పుటయే వృత్తిగాగల మాకు, చదువరాని మాట యొకటి యెదురైనప్పుడు కలుగు చిన్నతనము ఇంతింత కాదు. ఇరువది సంవత్సరములుగా మేము సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్నాము. పొడుగు సమాసములను విప్పుటయందు మాకు కొంత పేరు గూడ కలదు. అట్టి మేము గత వేసవిలో, కాప్రాలోని మా యింటి వరండాలో కూర్చుండి, పది ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన యొక గ్రామము పేరును చదువలేక పోయితిమి. ఆ పరాభవమే ఈ వ్యాసమునకు హేతువు.

మా పొరుగువారి కుమారుడు న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. అచట అతనితో పనిచేయు నొక మిత్రుని తల్లి, అరువది యేండ్లు దాటినయామె, ఈ దేశము చూడవచ్చెను. ఆమె పుట్టి పెరిగినది ఫిజీ ద్వీపములలో, నాందీ పట్టణము దాపున. అచటనే చిన్నపిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి గైకొన్నది. పొరుగువారు ఆమెను తోడ్కొని వచ్చి, "సారూ, వీరి తాతగారి ఊరేదో కనుక్కోవాలట. మీరు చదువుకున్నవారు, చూచి చెప్పండి" అనిరి. ఆమె చేతులు జోడించి "నమస్తే మాస్టర్‌జీ" అనెను. ఆమెకు వచ్చిన తెలుగు తాత, అవ్వ, నీళ్లు, అన్నము అను నాలుగు మాటలు. ఆమె తన ఫిజీ హిందీలోను, మేము మా హైదరాబాదు హిందీలోను మాటలాడుకొంటిమి. ఇద్దరు తెలుగువారి నడుమ తెలుగు లేకుండుట మాకు కొంత వింతగానే తోచినది.

ఆ పట్టణము పేరును మేము పటములో చూచి యెరుగుదుము. ఇంగ్లీషు అక్షరములనుబట్టి "నాడి" అంటిమి. ఆమె నవ్వి, "నాడి కాదు, నాందీ" అని దిద్దెను. సంగతి యేమనగా, 1835లో ఫిజీకి వచ్చిన కార్గిల్ అను మతబోధకుడును అతని సహచరులును ఆ భాషకు లిపి కూర్చినప్పుడు, పలుకువారి చెవికి ఒక్క ధ్వనిగా వినవచ్చుదానికి ఒక్క అక్షరమే చాలునని యేర్పరచిరి. అందుచేత ఇంగ్లీషు 'డి' అచట 'ంద' అగును, 'బి' యన్నది 'ంబ' అగును. నాటకారంభమున చదువు మంగళశ్లోకమునకు నాందీ యని పేరు. మాకు అలవాటైన ఆ శబ్దము సముద్రముల కావల నొక ఊరిపేరుగా వినిపించుటచే మనసునకు ఉల్లాసము కలిగినది. అర్థసంబంధము లేదని యెరిగియు సంతోషించితిమి. ఆ సంతోషము ఎక్కువసేపు నిలువలేదు.

ఫిజీ ద్వీపములు పాలినీషియా ముంగిట నున్నవి. సుమారు మూడువేల యేండ్లక్రిందట నావలపై వచ్చి అచట దిగిన జనులే తరువాత తోంగా, సమోవా దీవులకు సాగి, పాలినీషియా జాతులకు మూలపురుషులైరి. 1874 అక్టోబరు 10వ తేదీన ఫిజీ బ్రిటిషు వారి వశమైనది. గవర్నరు గార్డన్ స్థానికుల నేలను అన్యులకు అమ్మగూడదని కట్టడి చేసెను. వారిని చెరకుతోటలలోనికి లాగుటయు అతనికి ఇష్టము లేకపోయెను. అది స్థానికులకు మేలే చేసినది. కాని తోటలకు కూలీలు కావలెను గదా! వారికొరకు మన దేశమువైపు చూచిరి. 1879 మే 14వ తేదీన లియోనిడాస్ అను ఓడ కలకత్తానుండి మొదటి కూలీలను లెవూకా రేవునకు చేర్చెను. 1903 మొదలు చెన్నపట్టణమునుండియు ఓడలు సాగినవి. 1916 వరకు చేరినవారు అరువది వేలకు పైబడిరి. అందు సుమారు పదునైదు వేలు మన దక్షిణాదివారు. వారిలో విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు.

ఒప్పందము అయిదేండ్లు. అగ్రిమెంటు అను మాట వారి నోట "గిరిమిట్" అయినది. పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్సులు. అదియు ఒప్పగించిన పని పూర్తియైననే. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చొప్పున పంపుట నియమము. ఆ నియమమువలన కాపురములు పొందిన దురవస్థను వేరుగ చెప్పనక్కరలేదు. 1915లో సి. ఎఫ్. ఆండ్రూసు, పియర్సను అనువారలు అచటికేగి కన్నులార చూచివచ్చి లోకమునకు తెలిపిరి. 1920 జనవరి 1వ తేదీతో గిరిమిట్లన్నియు రద్దైనవి. మన 'కూలి' అను చిన్నమాట ప్రపంచమెల్ల తిరిగి ఒక తిట్టుగా మారివచ్చినది. అది మనము చేసిన తప్పు కాకున్నను, ఆ మాట విన్నప్పుడెల్ల మాకు తల వంగును.

ఓడయెక్కు ప్రతివానికిని ఒక పాసు వ్రాసెడివారు. పేరు, తండ్రిపేరు, వయసు, కులము, ఎత్తు, ఒంటిపై గుర్తులు, జిల్లా, తాలూకా, గ్రామము – అన్నియు అందు కలవు. ఆమె తన తాతగారి పాసు ప్రతిని మా ముందుంచెను. సంవత్సరము 1911. జిల్లా విశాఖపట్టణము. తాలూకా గడిలో సిరా చెదిరినది. గ్రామము గడిలో సి, ఓ, టి, టి, ఏ, వి, ఏ, ఎల్, ఎస్, ఏ అని పది అక్షరములు. కొత్తవలసయా? కోటవలసయా? కొట్టవలసయా? గుమాస్తా చెవికి తకారమును టకారమును ఒక్కటే. హ్రస్వదీర్ఘములు అతనికి పట్టవు. కొత్తవలసయే అనుకొన్నను, ఆ ప్రాంతమున ఆ పేరుగల గ్రామము ఒక్కటి కాదు. ఆనాటి విశాఖపట్టణము జిల్లా నేడు పలు జిల్లాలుగా చీలిపోయినది. ఫిజీవారి మాటలకు వారి చెవినిబట్టి అక్షరములు కూర్చిరి. మనవాని ఊరికి మాత్రము గుమాస్తా చెవియే గతియైనది. ఒక్క తెలుగు అక్షరము ఆ కాగితముపై నుండినయెడల, నూరేండ్ల తరువాత మనుమరాలు ఇంత వెదకవలసినది కాదు. వలసవచ్చి నిలిచినవారి పల్లెకు వలస యని పేరు. అట్టి వలసనుండి వలసపోయినవాని జాడను వెదకుటకు, సైనికపురికిని ఇ.సి.ఐ.ఎల్.కును నలుదెసలనుండి వలసవచ్చినవారితో నిండిన మా కాప్రాకు ఆమె వచ్చినది.

అప్పుడు మాకు పాలినీషియా తూర్పుకొననున్న మరియొక దీవి జ్ఞప్తికి వచ్చినది. అది రాపా నూయీ, ఇంగ్లీషువారి ఈస్టరు దీవి. హంగా రోవా దాని ముఖ్యపట్టణము. అచటివారు కొయ్యపలకలపై చెక్కిన లిపి యొకటి కలదు. 1862లో పెరూ దేశమునుండి బానిసవేటగాండ్రు వచ్చి వేయిమందికి పైగా జనులను పట్టుకొనిపోయిరి. తిరిగివచ్చిన కొలదిమంది మశూచిని వెంటతెచ్చిరి. 1877 నాటికి దీవిలో మిగిలినవారు 111 మంది. పలకలు కొన్ని నేటికిని ఉన్నవి. చదువగలవాడు ఒక్కడును లేడు. లిపి నశించుటకు పలకలు కాలనక్కరలేదు, చదువరులు పోయిన చాలును.

నాందీవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1926లో ఆ పట్టణముననే తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘము పుట్టినది. సాధు కుప్పుస్వామి దానికి మూలపురుషుడు. చెరకు నరికిన చేతులతోనే చందాలు వేసికొని పాఠశాలలు నిలిపిరి. అరవమును తెలుగును నేర్పుటకు పాటుపడిరి. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును వేరుగ స్థాపించుకొనిరి. నేడు నాందీ ప్రధానవీథి కొనయందు శివసుబ్రహ్మణ్యస్వామి కోవెల గోపురము పలువన్నెలతో నిలిచియున్నది. ఆ దేశమునకు ముఖ్యమైన విమానాశ్రయము ఆ ఊరనే కలదు. నది పొంగి 2009లోను 2012లోను అంగళ్లను ముంచినది.

ఇంత జరిగియు వారి కాలిక్రింది నేల వారిది కాదు, కౌలు నేల. ముప్పదియేండ్ల కౌళ్లు 1997 మొదలు గడువు తీరసాగినవి. 1987 మే 14న, అనగా మొదటి ఓడ వచ్చిన తేదీననే, సైన్యము ప్రభుత్వమును కూలద్రోయగా వేలకొలది భారతీయులు దేశము విడిచిరి. తమ కౌలు తీరిన పిమ్మట కుమారునితో ఆక్లండు చేరితిమని ఆమె చెప్పెను. 2023 మొదలు గిరిమిట్ దినమునకు సెలవిచ్చి పాటించుచున్నారు.

"ఇన్ని పాఠశాలలుండియు తెలుగెట్లు పోయినది?" అని అడిగితిమి. "తోటలో హిందీ, అంగడిలో హిందీ, ఆటలో హిందీ, మాస్టర్‌జీ. బడిలో వారమునకు కొన్ని గంటలు తెలుగు. మా నాయన మాతో తెలుగు మాటలాడలేదు, మేము వెనుకబడుదుమని ఆయన భయము" అని ఆమె చెప్పెను. మేము "అయ్యో" అంటిమి. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "మీరు జాలిపడవద్దు. మా మాట మాకున్నది. దానిలోనే మేము ఏడ్చితిమి, నవ్వితిమి. నేను భాషకొరకు రాలేదు, ఊరికొరకు వచ్చితిని" అనెను. చదువుకొన్నవారి జాలి ఎంత చులకనైనదో ఆ క్షణమున మాకు తెలిసినది.

ఆమెను సంతోషపెట్టదలచి, మా కుమారుని పిలిచి, మా తండ్రిగారు పల్లెనుండి వ్రాసిన పాత ఉత్తరము నొకదానిని ఆమెకు చదివి వినిపింపుమంటిమి. తెలుగు అక్షరము చదువగా వినిన ఆమెకు తృప్తి యగునని మా యూహ. వానికి పందొమ్మిదేండ్లు, ఇంజనీరింగు చదువుచున్నాడు. వాడు ఉత్తరమును అటునిటు త్రిప్పి, రెండు పదములు కూడబలుకుకొని, మూడవదానిలోని సంయుక్తాక్షరమువద్ద ఆగిపోయి, "నాన్నా, తాతయ్య రైటింగు క్లియర్‌గా లేదు" అనెను. చదువరులారా, మా తండ్రిగారి దస్తూరి ముత్యములవలె నుండును.

తప్పు వానిదా? పాఠశాలలో తెలుగు పరీక్షకు చాలినంతయే నేర్చినాడు. ఇంటర్మీడియటునందు మార్కులు దండిగా వచ్చునని సంస్కృతమును తీసికొమ్మని సలహా యిచ్చినది మేమే. ఆ సలహా వానికే కాదు, ఎందరో పిల్లలకు ఇచ్చితిమి. ఆ సంస్కృతమువలననే మాకు జీతము వచ్చుచున్నది. వెనుకబడునను భయము మాకును ఉండెను. నాందీ తండ్రి భయమునకును మా భయమునకును భేద మొక్కటియే. ఆయన చుట్టును పరదేశము, కౌలు నేల, పరభాష. మా చుట్టును కోట్ల తెలుగువారు, ఇంటినిండ తెలుగు మాట, అలమారునిండ తెలుగు పుస్తకములు. ఆయన పోగొట్టుకొనినదానికి కారణము కలదు. మేము పారవేసికొన్నదానికి సాకు మాత్రమే కలదు.

2018లో తెలంగాణమున ఒకటి మొదలు పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేయుచు చట్టము చేసిరి. మంచిదే. కాని సంఘములు కట్టి పాఠశాలలు పెట్టిన నాందీవారికే ఇంటి మాట నిలువలేదనిన, చట్టము బడివరకే నడచునని, గడప దాటి లోనికి రాదని మనము గ్రహింపవలెను. రాత్రి భోజనమైన పిదప అరగంటసేపు తండ్రియో తల్లియో బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు. ఇతరులకు బోధించుటకు ముందు మేము దీనిని మా యింట మొదలుపెట్టితిమి. వాడు విసుగుకొనుచునే చదువుచున్నాడు.

ఆమె పోవుటకు ముందు, తాతగారి ఊరిపేరును తెలుగున వ్రాసి యిమ్మని కోరెను. ఏది సరియైనదో తెలియక, కొత్తవలస, కోటవలస, కొట్టవలస అని మూడును వ్రాసి యిచ్చితిమి. ఆమె 'వలస' అను మూడక్షరములపై వ్రేలుంచి, "ఇది మూడింటిలోను ఒక్కటే గదా" అని, కాగితమును మడిచి సంచిలో పెట్టుకొనెను.

తరువాత ఆ ప్రాంతపు కొత్తవలసలలో నాలుగింటి ప్రధానోపాధ్యాయులకు పాసు ప్రతిని జతపరచి ఉత్తరములు వ్రాసితిమి. కవరులపై చిరునామాలు మా కుమారునిచేతనే తెలుగున వ్రాయించితిమి. మొదటి కవరు మూడుసార్లు మార్చవలసివచ్చినది. నాలుగవది ఒక్కసారికే కుదిరినది. ఒక యూరినుండి మాత్రము, అట్టి ఇంటిపేరువారు తమవద్ద లేరని మర్యాదగా జవాబు వచ్చినది. తక్కిన మూడింటికై ఎదురుచూచుచున్నాము.