ముందు వెలుగు, వెనక చీకటి

మన ఇళ్లలో పొద్దుగూకే సమయానికి ‘దీపాలు పెట్టేవేళ’ అని పేరు. గడియారం చూడకుండా, ఆకాశం చూసి దీపం వెలిగించేవాళ్లు మన పెద్దవాళ్లు. ఇప్పుడు ఆ పనిని కార్లు తమ మీద వేసుకున్నాయి. సంతోషమే. కానీ అవి ఎంతవరకు చేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలుసుకోకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఆంబూరు వాళ్లకు ఈ సంగతి మరీ అవసరం. ఊరిని ఒరుసుకుంటూ చెన్నై-బెంగళూరు రహదారి పోతుంది. చెప్పుల కంపెనీలు వదిలే వేళకు వందలమంది ఆడవాళ్లు ఆ రోడ్డు పక్కన నడుస్తూ, దాటుతూ ఉంటారు. మన వైపు మసక చీకటి ఎంతోసేపు నిలవదు. పొద్దు గూకిన అరగంటలోపే చీకటి పడిపోతుంది.

కొత్త కార్ల ముందు పట్టపగలు కూడా తెల్లగా మెరిసే దీపాలు మీరు చూసే ఉంటారు. వాటిని డేటైమ్ రన్నింగ్ లైట్లు అంటారు. మనం పగటి దీపాలు అందాం. అవి దారి చూపడానికి కాదు, మన బండి ఎదుటివాడికి కనబడడానికి. పగలు కూడా దీపాలు వేసుకునే నడపాలని స్వీడన్ 1977లోనే నిబంధన పెట్టింది. కెనడా 1989 డిసెంబరు నుంచి, ఐరోపా సమాఖ్య 2011 ఫిబ్రవరి నుంచి కొత్త కార్లకు ఈ దీపాలు ఉండాలన్నాయి. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు ఇంజను తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ కొత్తలో మా బజారులో ఎదురొచ్చినవాళ్లంతా వేళ్లు ముడిచి తెరిచి ‘లైటు వెలుగుతోంది’ అని సైగ చేసేవాళ్లు. పాపం, ఆర్పడానికి స్విచ్చి ఉంటే గదా!

రెండోది ఆటోమేటిక్ హెడ్‌లైటు. కారు ముందు అద్దం పైభాగాన వెలుతురును కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. మీటను ‘ఆటో’ దగ్గర పెడితే, చీకటి పడగానే అదే హెడ్‌లైట్లనూ వాటితోపాటు వెనక ఎర్రదీపాలనూ వెలిగిస్తుంది. చెట్టు నీడ తగిలిన ప్రతిసారీ వెలిగి ఆరకుండా కాస్త ఆగి చూస్తుంది కూడా.

ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. పోయిన నెల మా అక్క కొడుకు కొత్త కారులో గుడియాత్తం నుంచి వస్తూ దారిలో టీకి ఆగాం. దిగి వెనకవైపుకు వెళ్లి చూస్తే ఒక్క దీపమూ లేదు.

“ఒరే అబ్బాయ్, వెనకంతా చీకటిగా ఉంది గదరా!”

“అదేంది మామా, ముందర ఎలుగుతా ఉండాయి గదా? లోపల మీటర్లు గూడా ఎలుగుతానే ఉండాయి!”

చూస్తే మీట ‘ఆఫ్’లో ఉంది. కారు కడిగినప్పుడు ఎవరో తిప్పి ఉంటారు. ముందు వెలుగుతున్నవి పగటి దీపాలు మాత్రమే. చాలా కార్లలో వాటితోపాటు వెనక దీపాలు వెలగవు. పాత కార్లలో లైటు వేస్తేనే మీటర్లు కనబడేవి. లోపలి చీకటే మనకు గుర్తుచేసేది. ఇప్పటి కార్లలో మీటర్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ గుర్తు పోయింది. వెనక వచ్చే లారీవాడికి మాత్రం మనం కనబడం.

‘ఆటో’లో పెట్టినా పూర్తిగా నిశ్చింత లేదు. సెన్సరు వెలుతురునే కొలుస్తుంది, మన బండి ఇతరులకు కనబడుతోందా లేదా అన్నది దానికి తెలియదు. ధనుర్మాసంలో తెల్లవారాక కమ్మిన మంచులో పది బారల దూరం కనబడకపోయినా, వెలుతురుకు కొదవ ఉండదు. అది పగలే అనుకుని ఊరుకోవచ్చు. పట్టపగటి జోరువానలోనూ అంతే. అప్పుడు మీట మనమే తిప్పాలి. ఎదుటివాడి కళ్లలో పడే హైబీమును దించడం కూడా వేరే పని. ఆ సదుపాయం విడిగా లేని కారులో అదీ మన చేతిదే.

కొత్త కారు కొన్న మనవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఒక సాయంత్రం ఇంటి ముందు బండి నిలిపి, మీటను ఒక్కొక్క గుర్తు దగ్గర ఉంచి, ఇంట్లోవాళ్లను వెనక నిలబడి చూడమనండి. ఏ గుర్తుకు ఏ దీపం వెలుగుతుందో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. రహదారి ఎక్కాక వెనక్కి వెళ్లి చూసి చెప్పేవాళ్లు ఉండరు.