ఒకటిన్నరను రెండు చేశాను

గాజువాకలో ట్యూషన్లు మొదలుపెట్టిన కొత్తలో పిల్లలకు ఫార్ములాలు అడ్డదారిలో నేర్పాను. సంయోజకతలు రాయండి, అటుది ఇటు మార్చండి, అయిపోయింది అనేవాణ్ణి. అల్యూమినియం ఆక్సైడ్ వరకు అది చెల్లింది. ఇనుము దగ్గర చెల్లలేదు.

హెమటైట్ అనే ఇనుప ఖనిజంలో నూటికి 70 వంతులు ఇనుము, 30 వంతులు ఆక్సిజన్. ఫార్ములా కట్టాలి. 70ని ఇనుము పరమాణు భారం 56తో భాగిస్తే 1.25, 30ని ఆక్సిజన్ పరమాణు భారం 16తో భాగిస్తే 1.875. అంటే ఒక ఇనుముకు ఒకటిన్నర ఆక్సిజన్. సగం పరమాణువు ఉండదు కదా అని ఒకటిన్నరను రెండు చేసి బోర్డు మీద రాసేశాను. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి కూతురు లేచి, "మాస్టారూ, రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్లని మా నాన్న చెప్పారండి" అంది. తర్వాత చూద్దామని కూర్చోబెట్టాను. లెక్క తప్పడంకన్నా పెద్ద తప్పు అదే.

నేను రాసింది నిజమైతే ఇనుము నూటికి 64 వంతులు కూడా ఉండదు. వెనక్కి ఒక్కసారి లెక్క కట్టి ఉంటే అక్కడే తేలిపోయేది. ఒకటిన్నర వస్తే సవరించకూడదు, రెండు సంఖ్యలనూ రెండుతో హెచ్చించాలి. మరో ఇనుప ఖనిజం మాగ్నటైట్‌కు 1.33 వస్తుంది; మూడుతో హెచ్చిస్తే మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు.

ఇక్కడ నా అడ్డదారి పూర్తిగా మూసుకుపోతుంది. ఆ మూడు ఇనుముల్లో ఒకదాని ఆవేశం రెండు, మిగతా రెండింటిదీ మూడు. అందుకే దాని పేరు ఐరన్ టూ, త్రీ ఆక్సైడ్. ఉత్త ఐరన్ ఆక్సైడ్ అంటే ఏదో తెలియదు. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైన్ మీదుగా విశాఖకు వచ్చే ఖనిజం ప్రధానంగా హెమటైట్. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కిందికి దిగేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ దాని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. హెమటైట్ మాగ్నటైట్ అవుతుంది, అది ఫెర్రస్ ఆక్సైడ్ అవుతుంది, చివరికి ఇనుము మిగులుతుంది. పేరులోని అంకె మారిందంటే కొలిమిలో పదార్థమే మారినట్టు. ఈ సంగతి మొదటిరోజే చెప్పి ఉంటే పిల్లలకు అంకెలు బట్టీ పట్టే పని ఉండేది కాదు.

ఇప్పుడు ఫార్ములా రాసిన ప్రతి పిల్లచేతా శాతాలు వెనక్కి కట్టిస్తున్నాను. ఫెర్రస్ ఆక్సైడ్‌లో ఒక ఆక్సిజన్‌కు ఇనుము దాదాపు 0.95 మాత్రమే ఉంటుందని చెబితే, దాన్నీ హెచ్చించాలా అని అడుగుతారు. అక్కర్లేదు, ఆ స్ఫటికంలో కొన్ని ఇనుము స్థానాలు నిజంగానే ఖాళీగా ఉంటాయని బొమ్మ గీసి చూపిస్తాను.